ధర పెరిగిందా, వాడకం పెరిగిందా: ఇంటి విద్యుత్ బిల్లును చదివి తగ్గించుకునే విధానం

విద్యుత్ బిల్లు గత నెల కంటే బాగా ఎక్కువ వచ్చినప్పుడు చాలా ఇళ్లలో మొదట జరిగేది ఒకరినొకరు తప్పుపట్టుకోవడం, ఆ తరువాత నాలుగు రోజుల పాటు గదుల్లో దీపాలు ఆర్పుకుంటూ తిరగడం. ఈ రెండింటి వల్లా మరుసటి నెల బిల్లులో చెప్పుకోదగ్గ తేడా రాదు. బిల్లు ప్రధానంగా రెండు అంకెల మీద ఆధారపడుతుంది. ఒకటి మనం వాడిన యూనిట్ల సంఖ్య, రెండోది ఒక్కో యూనిట్‌కు కట్టవలసిన ధర. ధరను నిర్ణయించేది మనం కాదు కనుక దాని గురించి చేయగలిగింది తక్కువ. యూనిట్లు మన చేతిలో ఉన్నాయి గానీ, అవి ఏ పరికరం దగ్గర ఎంత ఖర్చవుతున్నాయో తెలుసుకోకుండా పొదుపు మొదలుపెట్టినవారు తరచుగా తక్కువ ఖర్చయ్యే చోట కష్టపడి, ఎక్కువ ఖర్చయ్యే చోటును అలాగే వదిలేస్తారు. అందువల్ల ఈ వ్యాసంలో ముందు బిల్లును, తరువాత మీటరును చదివే పద్ధతి చెప్పి, ఆ పైన మాత్రమే పొదుపు మార్గాలకు వస్తాను.

బిల్లులో ముందుగా చూడవలసినవి

కట్టవలసిన మొత్తం మీద నుంచి చూపు తిప్పుకుని, ముందు మూడు అంకెలు వెతకండి: గత రీడింగు, ప్రస్తుత రీడింగు, ఈ రెండింటి మధ్య గడిచిన రోజులు. రెండు రీడింగుల తేడాను రోజులతో భాగిస్తే రోజుకు సగటున ఎన్ని యూనిట్లు వాడారో వస్తుంది. ఒక నెలను మరో నెలతో పోల్చడానికి నమ్మదగిన అంకె ఇదే. ఉదాహరణకు ఒక బిల్లు 28 రోజులకు 196 యూనిట్లు, తరువాతి బిల్లు 34 రోజులకు 238 యూనిట్లు చూపిస్తే, పైకి 42 యూనిట్లు పెరిగినట్టు కనిపిస్తుంది. నిజానికి రెండుసార్లూ రోజువారీ వాడకం సరిగ్గా 7 యూనిట్లే. ఇంట్లో ఏమీ మారలేదు, రీడింగు తీయడం ఆలస్యమైంది, అంతే.

అయితే ఈ ఆలస్యానికి మరో పర్యవసానం ఉండవచ్చు. చాలా చోట్ల యూనిట్ ధర శ్లాబుల వారీగా ఉంటుంది, అంటే వాడకం ఒక హద్దు దాటిన కొద్దీ తరువాతి యూనిట్ల ధర పెరుగుతుంది. పై ఉదాహరణలో 200 యూనిట్ల దగ్గర ఒక హద్దు ఉన్నదనుకుంటే, ఆలస్యం కారణంగా 38 యూనిట్లు ఎక్కువ ధర ఉన్న శ్లాబులోకి జారిపోయాయి. కొన్ని విధానాల్లో హద్దు దాటిన యూనిట్లకు మాత్రమే పెద్ద ధర వేస్తారు, మరికొన్నింటిలో హద్దు దాటగానే మొదటి యూనిట్ నుంచీ ధర మారిపోతుంది. మీ బిల్లు ఏ రకానికి చెందిందో, శ్లాబు హద్దులను రోజుల సంఖ్యకు అనుగుణంగా సర్దుతున్నారో లేదో టారిఫ్ పట్టికలో చూసి తెలుసుకోవాలి. రెండో రకమైతే హద్దుకు అటూ ఇటూ ఉన్న నాలుగైదు యూనిట్లు బిల్లును ఊహించనంతగా మార్చగలవు.

శ్లాబుల వల్ల గుర్తుపెట్టుకోవలసిన సంగతి ఇంకొకటి ఉంది. మీరు ఆదా చేసే యూనిట్ ఎప్పుడూ పై శ్లాబు నుంచే తగ్గుతుంది. కనుక ఒక యూనిట్ ఆదా చేస్తే ఎంత మిగులుతుందో లెక్క వేసుకునేటప్పుడు బిల్లు మొత్తాన్ని యూనిట్లతో భాగించగా వచ్చే సగటు ధరను కాక, మీరు చేరుకున్న చివరి శ్లాబు ధరను తీసుకోవాలి. సగటు ధరతో లెక్కవేసి "దీనివల్ల పెద్దగా మిగలదు" అని కొట్టిపారేసిన మార్పులు, చివరి శ్లాబు ధరతో చూస్తే చేయదగినవిగా తేలడం కద్దు.

తరువాత చూడవలసినది, రీడింగు నిజంగా తీసినదా, అంచనాగా వేసినదా అన్నది. ఇంటికి తాళం ఉన్నప్పుడో, మీటరు అందనప్పుడో పాత సగటును బట్టి బిల్లు వేసి, ఆ తరువాత నిజమైన రీడింగు తీసినప్పుడు తేడా మొత్తాన్ని ఒకేసారి కలుపుతారు. అలా వచ్చిన పెద్ద బిల్లుకు ఆ నెల వాడకంతో సంబంధం ఉండదు. నెలకొకసారి ఒకే తేదీన మీటరును ఫోన్‌తో ఫోటో తీసి ఉంచుకుంటే, ఇటువంటి సందర్భాల్లో ఏ నెలలో ఎంత వాడారో చూపించడానికి ఆధారం ఉంటుంది.

మిగిలిన పద్దులను త్వరగా చూడవచ్చు. స్థిర చార్జీ మీకు మంజూరైన లోడును, అంటే ఒకేసారి గరిష్ఠంగా ఎన్ని కిలోవాట్లు తీసుకోవడానికి కనెక్షన్ ఇచ్చారన్న దానిని, బట్టి వస్తుంది, నెలంతా ఇల్లు మూసి ఉంచినా తగ్గదు. అవసరానికి మించిన లోడు మంజూరై ఉంటే దానిని తగ్గించమని దరఖాస్తు చేసుకోవడమే దానికి మార్గం. ఇంధన సర్దుబాటు చార్జీ అన్నది గతంలో విద్యుత్ కొనుగోలుకు అంచనా కన్నా ఎక్కువైన ఖర్చును తరువాతి నెలల్లో వసూలు చేయడం, కాబట్టి ఈ నెల వాడకం తగ్గినా అది పెరగవచ్చు. పాత బకాయి, ఆలస్య రుసుము, అదనపు డిపాజిట్ వంటివి ఉంటే వాటిని తీసివేసి చూడాలి. ఇవన్నీ పక్కన పెట్టాక మిగిలేదే మీ వాడకానికి వేసిన ఖర్చు, దానిని పోయిన నెలతో కంటే పోయిన ఏడాది ఇదే నెలతో పోల్చడం మేలు, ఎందుకంటే ఇంటి వాడకాన్ని అన్నిటికన్నా ఎక్కువగా మార్చేది వాతావరణం.

రోజువారీ యూనిట్లు పోయిన ఏడాది అంతే ఉండి బిల్లు మాత్రం పెరిగితే, పెరిగింది ధర. ఈ పెరుగుదలకు ఇంధనం ఒక ముఖ్యమైన కారణం. అనేక టోకు విద్యుత్ మార్కెట్లలో ఆ గంటకు అవసరమైన చివరి, అంటే అత్యంత ఖరీదైన, విద్యుత్కేంద్రం అడిగిన ధరే మిగతా అందరికీ వర్తిస్తుంది కనుక, సహజవాయువు ధర పెరిగినప్పుడు గాలిమరల నుంచి వచ్చే విద్యుత్తు కూడా ఆ ధరకే అమ్ముడవుతుంది. 2021లో మొదలై, 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ మీద రష్యా దండయాత్ర తరువాత తీవ్రమైన గ్యాస్ సంక్షోభంలో ద్రవీకృత సహజవాయువు నౌకల కోసం యూరప్ ఎక్కువ ధర పెట్టడంతో, ఆ యుద్ధంతో ఏ సంబంధమూ లేని దూరదేశాల్లోనూ ఇంధనం ఖరీదైంది. తీగలు, ట్రాన్స్‌ఫార్మర్లు, కొత్త లైన్ల ఖర్చు దీనికి అదనం.

ధర విషయంలో మన చేతిలో ఉన్నది ఒక్కటే. రోజులో వేళను బట్టి ధర మారే టారిఫ్ మీకు వర్తిస్తుంటే, బట్టలు ఉతకడం, నీళ్ల మోటారు వేయడం, విద్యుత్ వాహనాన్ని చార్జి చేయడం వంటి పనులను రద్దీ వేళ నుంచి చౌక వేళకు జరపవచ్చు. యూనిట్లు అంతే ఉన్నా ఖర్చు తగ్గుతుంది. అయితే ఆ టారిఫ్‌ను మీరే ఎంచుకునే వీలున్న చోట, సాయంత్రపు వాడకాన్ని నిజంగా జరపగలరో లేదో ముందు ఆలోచించుకోవాలి, జరపలేని ఇంటికి అది నష్టమే తెస్తుంది.

మీటరు ముందు కాసేపు

ఒక యూనిట్ అంటే ఒక కిలోవాట్ అవర్, అంటే 1000 వాట్ల పరికరం ఒక గంట పనిచేస్తే అయ్యే ఖర్చు. ఎలక్ట్రానిక్ మీటర్ల ముఖం మీద ఒక చిన్న దీపం మినుకుమినుకుమంటూ ఉంటుంది, దాని పక్కనే ఒక కిలోవాట్ అవర్‌కు ఎన్ని ఇంపల్స్‌లో రాసి ఉంటుంది. ఆ అంకె చాలా మీటర్ల మీద 1000, 1600, 3200 వంటిది. 3200 అని ఉంటే దీపం 3200 సార్లు వెలిగితే ఒక యూనిట్ అయినట్టు. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని పదిసార్లు వెలగడానికి ఎన్ని సెకన్లు పడుతుందో చూసి, 3,60,00,000ను ముందు మీటరు మీది అంకెతోను, ఆ తరువాత సెకన్లతోను భాగిస్తే, ఆ క్షణాన ఇల్లు ఎన్ని వాట్లు తీసుకుంటున్నదో తెలిసిపోతుంది. 3200 ఇంపల్స్‌ల మీటరుకు ఇది ఇంకా తేలిక: 11,250ను సెకన్లతో భాగిస్తే చాలు. పది మినుకులకు 50 సెకన్లు పడితే ఇల్లు 225 వాట్లు వాడుతోంది, 5 సెకన్లే పడితే 2250 వాట్లు వాడుతోంది. లెక్క మొదలుపెట్టేటప్పుడు మొదటి మినుకును సున్నాగా పెట్టుకుని పదో మినుకు దగ్గర ఆపాలి, లేకపోతే ఒకటి తేడా వస్తుంది. స్మార్ట్ మీటరు ఉన్నవారికి ఈ శ్రమ అక్కరలేదు, ఆ అంకె తెరమీదో యాప్‌లోనో కనిపిస్తుంది.

ఇప్పుడు ఇంట్లో అన్నీ మామూలుగా నడుస్తున్నప్పుడు ఒకసారి కొలిచి, ఒక్కొక్క పరికరాన్నే ఆపుతూ, ప్రతిసారీ మళ్లీ కొలవండి. రెండు కొలతల తేడాయే ఆపిన పరికరం వాడకం. ఈ పని ఇద్దరు కలిసి చేస్తే తొందరగా అవుతుంది, ఒకరు స్విచ్చుల దగ్గర, మరొకరు మీటరు దగ్గర నిలబడవచ్చు. ఇంట్లో ఎవరికైనా విద్యుత్తుతో నడిచే వైద్య పరికరం ఉంటే దానిని మాత్రం ముట్టుకోకూడదు.

చివరికి అన్ని స్విచ్చులూ ఆపాక కూడా దీపం మినుకుమంటూంటే, ప్లగ్గులకు అంటిపెట్టుకుని స్టాండ్‌బైలో, అంటే ఆపినట్టు కనిపిస్తూనే కొంచెం విద్యుత్తు తీసుకుంటూ, ఉన్న పరికరాలైనా ఉండాలి, వైరింగులో భూమిలోకి లీకేజీ అయినా ఉండాలి. ప్లగ్గులన్నీ పీకేసినా ఆగకపోతే రెండోదే కావచ్చు, అది ఖర్చు కంటే ముందు ప్రమాదం కనుక ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి. మెయిన్ స్విచ్ ఆపినా మీటరు తిరుగుతుంటే మీటరుకూ మెయిన్‌కూ మధ్య నుంచి విద్యుత్తు ఎక్కడికో పోతోందని అర్థం, లేదా మీటరులోనే లోపం. ఏ పరిస్థితిలోనూ మీటరు సీలును తీయకూడదు.

రాత్రి అందరూ పడుకునే ముందు చేసే కొలత కూడా ఎంతో చెబుతుంది. ఎప్పుడూ ఆగకుండా నడిచే ఒక్క వాట్ ఏడాదికి 8.76 యూనిట్లు అవుతుంది. సెట్‌టాప్ బాక్సు, రౌటరు, స్టాండ్‌బైలో ఉన్న టీవీ, గేమ్ యంత్రం, స్టెబిలైజరు, ఎప్పుడూ ప్లగ్గులో ఉండే ప్రింటరు కలిసి 40 వాట్లు తీసుకుంటుంటే అది ఏడాదికి 350 యూనిట్లు. స్టాండ్‌బై వాడకాన్ని పరికరానికి ఒక వాట్‌లోపు తేవాలని అంతర్జాతీయ ఇంధన సంస్థ 1999లో ప్రతిపాదించింది, 2013 నుంచి యూరోపియన్ యూనియన్ అనేక పరికరాలకు అర వాట్ హద్దు పెట్టింది. అందువల్ల కొత్త టీవీ ప్లగ్గు పీకడం కోసం రోజూ కుర్చీ ఎక్కనక్కరలేదు. పాత పరికరాలను, సెట్‌టాప్ బాక్సులను మాత్రం ఒక స్విచ్ ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డుకు కలిపి రాత్రి ఒకేసారి ఆపడం మంచిది.

ఒక్క యూనిట్‌తో ఏమేం చేయవచ్చు

9 వాట్ల ఎల్ఈడీ బల్బును ఒక్క యూనిట్‌తో 111 గంటలు వెలిగించవచ్చు. మొబైల్ ఫోన్‌ను దాదాపు నలభై సార్లు నింపవచ్చు. 75 వాట్ల పాత సీలింగ్ ఫ్యాన్‌ను 13 గంటలు, 30 వాట్ల బీఎల్‌డీసీ (బ్రష్‌లు లేని, తక్కువ విద్యుత్తు తీసుకునే మోటారు ఉన్న) ఫ్యాన్‌ను 33 గంటలు తిప్పవచ్చు. 1500 వాట్లు తీసుకుంటున్న ఏసీని 40 నిమిషాలు, 2000 వాట్ల గీజరును అరగంట నడపవచ్చు. ఈ అంకెలను ఒక్కసారి నిదానంగా చదివితే పొదుపు ఎక్కడ మొదలుపెట్టాలో ఎవరూ చెప్పనక్కరలేదు: వేడి చేసేవి, చల్లబరిచేవి, ఆగకుండా నడిచేవి. దీపాల సంగతి ఎల్ఈడీలు వచ్చాక దాదాపు ముగిసిపోయింది. ఇంకా ఫిలమెంటు బల్బులు మిగిలి ఉంటే వాటిని వెంటనే మార్చాలి, 60 వాట్ల బల్బు ఇచ్చే వెలుగును 8 నుంచి 10 వాట్ల ఎల్ఈడీ ఇస్తుంది. ఆ తరువాత దీపాల గురించి పిల్లలను కోప్పడటం మానేసి గీజరు వైపు చూడవచ్చు.

చల్లదనం, వెచ్చదనం

ఏసీ గదిలోకి చల్లదనాన్ని తేదు. గదిలోని వేడిని తీసి బయట పారబోస్తుంది. కాబట్టి దాని ఖర్చు ప్రధానంగా గదిలోకి ఎంత వేడి చొరబడుతోందన్న దాని మీద ఆధారపడుతుంది. గోడలు, పైకప్పు, కిటికీల గుండా వచ్చే వేడి బయటి, లోపలి ఉష్ణోగ్రతల మధ్య తేడాను బట్టి పెరుగుతుంది. బయట 38 డిగ్రీలు ఉన్నప్పుడు లోపల 22 పెట్టుకుంటే తేడా 16 డిగ్రీలు, 26 పెట్టుకుంటే 12 డిగ్రీలు. ఆ నాలుగు డిగ్రీలతో, గోడలూ కిటికీల గుండా వచ్చే వేడిలో నాలుగో వంతు తగ్గిపోయింది. 26 దగ్గర ఉక్కగా అనిపిస్తే ఫ్యాన్ కలపాలి. ఫ్యాన్ గదిని చల్లబరచదు గానీ ఒంటి మీద చెమటను ఆరబెట్టి రెండు డిగ్రీలు తక్కువ ఉన్నట్టు అనిపింపజేస్తుంది, దానికయ్యేది కొన్ని పదుల వాట్లే. గదిలో మనుషులు లేనప్పుడు ఫ్యాన్ తిప్పడం మాత్రం దండగ.

రిమోట్ మీద 16 పెడితే గది త్వరగా చల్లబడుతుందన్నది విస్తృతంగా ఉన్న నమ్మకం. మామూలు ఏసీలో కంప్రెసర్ ఒకే వేగంతో నడుస్తుంది. 16 పెట్టినా 26 పెట్టినా 26కు చేరడానికి పట్టే సమయం ఒకటే, 16 పెట్టినప్పుడు అక్కడ ఆగదు, అంతే. ఇన్వర్టర్ ఏసీలో కంప్రెసర్ వేగం అవసరాన్ని బట్టి తగ్గుతుంది కనుక రాత్రంతా నడిపే గదిలో అది బాగా ఆదా చేస్తుంది. రోజుకు గంట మాత్రమే వాడే గదిలో దాని అదనపు ఖరీదు తిరిగి రావడానికి చాలా ఏళ్లు పడుతుంది. గదికి మించిన సామర్థ్యం ఉన్న ఏసీ కొనడం కూడా తెలివైన పని కాదు. ఒక టన్ను అంటే గంటకు సుమారు మూడున్నర కిలోవాట్ అవర్ల వేడిని తీసే శక్తి. చిన్న గదిలో పెద్ద ఏసీ ఉష్ణోగ్రతను చటుక్కున దించి ఆగిపోతుంది, గాలిలోని తేమను తీయడానికి సమయం చాలక గది చల్లగా ఉంటూనే జిడ్డుగా ఉంటుంది, దాంతో మనం ఇంకా తగ్గిస్తాం.

పరికరాన్ని మార్చడం కన్నా ముందు వేడిని అడ్డుకోవాలి. ఎండ గాజు దాటి లోపలికి వచ్చాక తెర వేస్తే ఆ వేడిలో ఎక్కువ భాగం గదిలోనే ఉండిపోతుంది. అదే కిటికీకి బయటి వైపు నీడ ఏర్పాటు చేస్తే వేడి గాజు దాకానే రాదు. నేరుగా ఎండ పడే పైకప్పు మీద తెల్లని, ఎండను తిప్పికొట్టే పూత వేయడం పై అంతస్తులో ఉండేవారికి ఏసీ మార్పిడి కన్నా ముందు చేయవలసిన పని. తలుపు కింద సందు, కిటికీ చట్రం చుట్టూ ఖాళీలు ఉండగా ఏసీ నడపడం చిల్లుకుండలో నీళ్లు పోయడమే. ఫిల్టరును సీజనులో రెండు మూడు వారాలకొకసారి కడగాలి, బయటి యూనిట్ వదిలే వేడి గాలి తిరిగి దానిలోకే పోకుండా చుట్టూ ఖాళీ ఉంచాలి.

చలి ప్రదేశాల్లో ఇదే లెక్క తలకిందులుగా వర్తిస్తుంది: లోపలి వేడి బయటికి పోకుండా సందులు మూయడం, పైకప్పుకు తొడుగు వేయడం, ఉష్ణోగ్రతను ఒకటి రెండు డిగ్రీలు తగ్గించడం. ఇక్కడ కొనుగోలుదారులు తెలుసుకోవలసిన విషయం ఒకటుంది. నూనె నింపినదైనా, ఎర్రగా కాలే కడ్డీదైనా, ఖరీదైన గోడ హీటరైనా, నిరోధక తీగతో పనిచేసే హీటరు ఏదైనా ఒక యూనిట్ తీసుకుని ఒక యూనిట్ వేడినే ఇస్తుంది, ప్రకటన ఏం చెప్పినా సరే. బయటి గాలి నుంచి వేడిని లోపలికి చేరవేసే హీట్ పంపు మాత్రమే ఒక యూనిట్‌కు సుమారు మూడు యూనిట్ల వేడి ఇవ్వగలదు. వేడిని కూడా ఇచ్చే ఏసీ ఉంటే అది మీ ఇంట్లో ఉన్న హీట్ పంపే.

వేడి నీళ్లు

ఒక లీటరు నీటిని ఒక డిగ్రీ వేడి చేయడానికి 1.16 వాట్ అవర్లు కావాలి. దీన్ని ఏ గీజరూ తగ్గించలేదు. 15 లీటర్లను 25 నుంచి 50 డిగ్రీలకు తేవడానికి సుమారు 0.44 యూనిట్ ఖర్చవుతుంది. షవరు కింద పది నిమిషాలు నిలబడితే 80 నుంచి 100 లీటర్లు పోతాయి. 25 డిగ్రీల నీటిని 40కి తేవాలన్నా సుమారు ఒకటిన్నర యూనిట్. కనుక వేడి నీటి ఖర్చు తగ్గించడానికి ఉన్న దారులు వాడే నీటిని తగ్గించడం, వేడిని తగ్గించడం, నిల్వలో పోయే వేడిని ఆపడం. ధార తగ్గించే షవరు తల మార్చడం చవకైన పని. చిన్న గీజరును స్నానానికి ముందు వేసి, నీళ్లు కాగగానే ఆపేయాలి. రోజంతా వేసి ఉంచితే తొట్టి నుంచి పోయే వేడిని భర్తీ చేయడానికి అది మళ్లీ మళ్లీ నడుస్తూనే ఉంటుంది.

ఒక హెచ్చరిక మాత్రం అవసరం. పెద్ద తొట్టిలో రోజుల తరబడి నీటిని నిల్వ ఉంచే వ్యవస్థలో ఉష్ణోగ్రతను మరీ దించకూడదు. 20 నుంచి 45 డిగ్రీల మధ్య గోరువెచ్చని నీటిలో లెజియోనెల్లా అనే బాక్టీరియా పెరుగుతుంది, అందుకే నిల్వ నీటిని 60 డిగ్రీల దగ్గర ఉంచమని ఆరోగ్య మార్గదర్శకాలు చెబుతాయి. అక్కడ పొదుపు తొట్టికి, గొట్టాలకు మందమైన తొడుగు వేయడంలో చూసుకోవాలి.

బట్టలుతికే యంత్రం ఖర్చు కూడా నిజానికి వేడి నీటి ఖర్చే. డ్రమ్ము తిరగడానికయ్యేది తక్కువ, నీటిని 60 డిగ్రీలకు కాచడానికయ్యేది ఎక్కువ. మామూలు మురికికి చల్లని లేదా 30 డిగ్రీల నీళ్లు చాలు.

ఫ్రిజ్

ఫ్రిజ్ తీసుకునే వాట్లు తక్కువే అయినా అది ఏడాది పొడవునా ఆగదు. తలుపు రబ్బరును పరీక్షించడానికి ఒక కాగితాన్ని తలుపు అంచులో పెట్టి మూసి లాగి చూడండి. పట్టు లేకుండా జారి వచ్చేస్తే అక్కడ చల్లగాలి కారుతోంది. తలుపు చుట్టూ ఏడెనిమిది చోట్ల ఇలా చూడాలి, ముఖ్యంగా కింది మూలల్లో, ఎందుకంటే సాధారణంగా ముందు గట్టిపడేది అక్కడే. రబ్బరును గోరువెచ్చని సబ్బునీటితో తుడిస్తేనే చాలాసార్లు పట్టు తిరిగి వస్తుంది, లేకపోతే రబ్బరు ఒక్కటే మార్చుకోవచ్చు. లోపల 4 డిగ్రీలు, ఫ్రీజరులో మైనస్ 18 సరిపోతాయి. వెనుక గోడకు ఆనించకుండా గాలి ఆడేలా జరపాలి, కాయిల్స్ మీద దుమ్ము దులపాలి. రాత్రిపూట ఫ్రిజ్ ఆపడం పొదుపు కాదు, ఉదయం అది పోయిన చల్లదనాన్ని తిరిగి తెచ్చుకోవలసిందే, పైగా లోపలి పదార్థాలు పాడవుతాయి. కొత్త ఫ్రిజ్ కొన్నాక పాతదాన్ని "ఎప్పుడైనా పనికొస్తుంది" అని మరో గదిలో నడపడం మాత్రం నిక్కచ్చిగా మానుకోవలసిన అలవాటు.

పొయ్యి ఖర్చు

ఇంధన బిల్లు విద్యుత్తుతోనే ఆగదు, గ్యాస్ కూడా అందులో భాగమే. నీరు మరగడం మొదలయ్యాక మంట ఎంత పెంచినా అది 100 డిగ్రీలు దాటదు, ఆవిరి మాత్రం ఎక్కువ పోతుంది. ఒక లీటరు నీటిని పూర్తిగా ఆవిరి చేయడానికి కావలసిన వేడి, అదే లీటరును 25 డిగ్రీల నుంచి మరిగే దాకా తేవడానికి కావలసిన వేడికి ఏడు రెట్లు. మూత పెట్టడానికీ, మరగగానే మంట తగ్గించడానికీ ఇంతకు మించిన కారణం అక్కరలేదు.

గ్యాస్ చౌకా, ఇండక్షన్ చౌకా అన్న ప్రశ్నకు అందరికీ ఒకే జవాబు లేదు, కానీ ఎవరికి వారు లెక్కవేసుకోవచ్చు. ఒక కిలో ఎల్పీజీలో సుమారు 12.8 యూనిట్ల వేడి ఉంటుంది, బర్నరు దాన్లో సగం నుంచి అరవై శాతం వరకే గిన్నెకు చేరుస్తుంది. ఇండక్షన్ పొయ్యి తీసుకున్న విద్యుత్తులో 85 శాతం వరకు గిన్నెకు చేరుస్తుంది. ఆ లెక్కన ఒక కిలో గ్యాస్ చేసే పనిని ఇండక్షన్ ఏడున్నర నుంచి తొమ్మిది యూనిట్లతో చేస్తుంది. కిలో గ్యాస్ ధరను మీ చివరి శ్లాబు యూనిట్ ధరతో భాగించండి. తొమ్మిది కన్నా ఎక్కువ వస్తే ఇండక్షన్ చౌక, ఏడున్నర కన్నా తక్కువ వస్తే గ్యాసే చౌక, మధ్యలో ఉంటే రెంటికీ పెద్ద తేడా లేదు.

డబ్బు పెట్టి మార్చవలసి వస్తే

ఏ పరికరాన్నైనా మార్చే ముందు అది ఏడాదికి ఎన్ని గంటలు నడుస్తుందో చూడాలి. 75 వాట్ల ఫ్యాన్ స్థానంలో 30 వాట్లది పెడితే గంటకు 45 వాట్ అవర్లు మిగులుతాయి. రోజుకు 12 గంటల చొప్పున ఏడాదిలో 300 రోజులు తిరిగే ఫ్యాన్ దగ్గర అది 162 యూనిట్లు. అన్ని రోజులే అయినా రోజుకు గంట మాత్రమే తిరిగే గదిలో 13.5 యూనిట్లే. ఒకేసారి ఇంటినిండా ఫ్యాన్లు మార్చే బదులు ఎక్కువసేపు తిరిగేవాటినే ముందు మార్చాలి. కొనేటప్పుడు లేబుల్ మీది శ్రేణి కన్నా ఏడాది వాడకపు యూనిట్ల అంకెను చూడడం క్షేమం, ఎందుకంటే శ్రేణుల ప్రమాణాలు కాలానుగుణంగా మారుతుంటాయి. 2021లో యూరప్ తన లేబుళ్ల కొలబద్దను సవరించినప్పుడు, అంతకుముందు పై శ్రేణిలో ఉన్న పరికరాలు ఎన్నో పరికరంలో ఏ మార్పూ లేకుండానే కింది శ్రేణులకు దిగాయి.

తక్కువ ఖర్చయ్యే పరికరం వచ్చిందన్న ధీమాతో దానిని ఎక్కువసేపు నడపడం మనుషుల సహజ గుణం. ఆవిరి యంత్రాలు మెరుగైన కొద్దీ బొగ్గు వాడకం తగ్గక పెరిగిందని ఆర్థికవేత్త విలియం స్టాన్లీ జెవన్స్ 1865లోనే గమనించాడు. కొత్త ఏసీ కొన్న ఇళ్లలో బిల్లు ఆశించినంత తగ్గకపోవడానికి తరచు కారణం ఇదే.

ప్లగ్గులో పెడితే చాలు బిల్లు మూడో వంతు తగ్గుతుందని అమ్మే చిన్న పెట్టెల మీద డబ్బు పెట్టవద్దు. వాటిలో సాధారణంగా ఉండేది ఒక కెపాసిటరు. అది పవర్ ఫ్యాక్టరును, అంటే తీగలో వచ్చే కరెంటులో నిజంగా పనికి ఉపయోగపడే వంతును, కొంత సరిచేసి తీగలో ప్రవహించే కరెంటును తగ్గించవచ్చు గానీ, గృహ మీటరు లెక్కించే కిలోవాట్ అవర్లు అందువల్ల తగ్గవు. సౌర ఫలకాల విషయం వేరు. ఒక కిలోవాట్ ఫలకాలు ఎండను బట్టి రోజుకు మూడు నుంచి అయిదు యూనిట్లు ఇస్తాయి. అయితే వాటి సామర్థ్యాన్ని వాడకం తగ్గించుకున్న తరువాత నిర్ణయించుకోవాలి, లేకపోతే వృథాకు సరిపడా ఫలకాలు కొన్నట్టవుతుంది.

మీటరు మీద అనుమానం వస్తే

ఇవన్నీ చూశాక కూడా లెక్క కుదరకపోతే మీటరునే పరీక్షించవచ్చు. ఫ్రిజ్‌తో సహా అన్నీ ఆపి, మీటరు దీపం నిలిచిపోయిందని నిర్ధారించుకుని, 1000 వాట్ల నీళ్ల హీటరు కడ్డీని బకెట్ నిండా నీళ్లలో ముంచి అరగంట నడపండి. మీటరు సుమారు అర యూనిట్ చూపాలి, అంటే 3200 ఇంపల్స్‌ల మీటరులో దీపం 1600 సార్లు వెలగాలి; అన్నీ లెక్కపెట్టనక్కరలేదు, మధ్యలో పది మినుకులకు పట్టే కాలం 11 సెకన్ల చుట్టూ ఉన్నదో లేదో చూస్తే చాలు. ఇస్త్రీపెట్టెతో ఈ పరీక్ష చేయకూడదు, అది వేడెక్కి మధ్యమధ్యలో ఆగిపోతుంటుంది. వోల్టేజీ అయిదు శాతం పెరిగితే కడ్డీ తీసుకునే వాట్లు పది శాతం పెరుగుతాయి కనుక అటువంటి తేడాను లోపంగా భావించరాదు. కడ్డీ నడుస్తున్నంతసేపూ నీళ్లలో చేయి పెట్టకూడదు, పిల్లలను దగ్గరికి రానివ్వకూడదు.

తేడా ఇరవై, ముప్పై శాతం ఉంటే మీటరు పరీక్షకు విద్యుత్ సంస్థకు రాతపూర్వకంగా దరఖాస్తు చేసి, నెలనెలా తీసిన ఫోటోలను, రోజువారీ సగటుల పట్టికను జతచేయాలి. దరఖాస్తు చేశాం కదా అని బిల్లు కట్టడం ఆపేస్తే ఆలస్య రుసుము పడవచ్చు, కనెక్షన్ కూడా తెగవచ్చు. వివాదం తేలేదాకా ఎంత కట్టాలో, పెద్ద మొత్తమైతే వాయిదాలు ఇస్తారో గడువు తేదీకి ముందే అడిగి, జవాబును కూడా రాతలోనే తీసుకోవాలి.